బ్రేక్ స్విచ్ మీద వేళ్ళు

జితేందర్ బాత్రూమ్ అలమరలోని మల్టీవిటమిన్ సీసాలో మల్టీవిటమిన్లు లేవు. మూర్ఛ మాత్రలున్నాయి. ఆ సంగతి అమెరికాలోని ఈ నోవై ఊళ్ళో అతనొక్కడికే తెలుసు. భార్య రష్మికి కూడా తెలియదు. రేస్ రోజు ఉదయం మూత తీసి చూస్తే, ఊపితే గలగలమనేటన్ని కూడా లేవు. ఒకటి తీసి, కూరగాయల కత్తితో సగానికి కోసి, ఓ ముక్క మింగాడు. రెండో ముక్క మళ్ళీ సీసాలో వేసి, సైకిల్ షూస్ వెతుక్కోవడానికి కిందికి దిగాడు.

మొదటిసారి అది మార్చిలో వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. గరాజ్‌లో సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి చైన్ తుడుస్తున్నాడు. మళ్ళీ తెలివి వచ్చేసరికి సిమెంటు నేల మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. నోట్లో రక్తం, ప్యాంటు తడి. నాలుక ఒక పక్క కొరుక్కుపోయింది. లేచి నేల కడిగాడు. బట్టలు మెషీన్‌లో వేశాడు. రష్మి ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. కూర వద్దు, పెరుగన్నం చాలు అంటే ఆమె నవ్వింది. "వరంగల్ మనిషివి, నీకేమొచ్చింది?" అంది.

మర్నాడు ఆఫీసు పార్కింగ్‌లో, కారులోనే కూర్చుని, రవికుమార్‌కి ఫోన్ చేశాడు. రవికుమార్ పదో తరగతి దాకా తనతో చదివి, తర్వాత డాక్టరై వరంగల్‌లోనే స్థిరపడ్డాడు. అంతా విని తేల్చి చెప్పాడు.

"అరేయ్ జిత్తూ, ఇది ఫిట్సే. అక్కడ మంచి న్యూరాలజిస్ట్‌కి చూపించుకో. స్కాన్ తీపిచ్చుకో. అన్నిటికన్న ముందు కారు తాళాలు చెల్లె చేతికియ్యి."

"తాళాలిస్తే పెట్టె గూడ సర్దుకోవాలె."

"మజాక్ చెయ్యకు."

"మజాక్ కాదురా. నా పనే కారు నడుపుడు."

అది నిజమే. జితేందర్ ఒక కార్ల విడిభాగాల కంపెనీలో బ్రేక్ టెస్ట్ ఇంజినీరు. తడి రోడ్డు మీద, ఇసుక మీద, చలికాలమైతే ఉత్తరాన గడ్డకట్టిన సరస్సుల మీద కారు తోలి, బ్రేక్ ఎక్కడ పడుతోందో, ఎక్కడ జారుతోందో చూసి సరిచేయడం అతని పని. ఈ రాష్ట్రంలో స్పృహ తప్పినవాడు ఆరు నెలల దాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు. స్టీరింగ్ ముట్టుకోని టెస్ట్ ఇంజినీరుకు కంపెనీలో కుర్చీ లేదు. కుర్చీ లేకపోతే వీసా లేదు. గ్రీన్ కార్డు వరుసలో ఎన్నేళ్ళుగా నిలబడ్డాడో అతనే లెక్కపెట్టడం మానేశాడు. ఇక్కడ డాక్టర్ దగ్గరికి వెళితే ఇన్సూరెన్స్‌లో పడుతుంది, ఇన్సూరెన్స్‌లో పడితే ఆఫీసుకు తెలుస్తుంది అని అతని నమ్మకం. అది నిజమో కాదో ఎవరినైనా అడగొచ్చు. అడగాలంటే ముందు విషయం చెప్పాలి.

రవికుమార్ తిట్టాడు, బతిమాలాడు, చివరికి మందు రాశాడు. రాస్తూ ఇంకో మాట చెప్పాడు.

"ప్రతిసారి కింద పడి కొట్టుకుంటవని అనుకోకు. ఒక్కోసారి నిలబడ్డ కాడనే మనిషి మాయమైతడు. కండ్లు తెరిచే ఉంటయి. చేతులు ఊకె దేన్నో గెలుకుతుంటయి. మళ్ళ సోయికొచ్చినంక నీకేం యాదుండదు. చూసినోళ్ళకే తెలుస్తది. నిద్ర తక్కువైనా, ఒంటికి బాగా శ్రమైనా, గోలీ తప్పినా వస్తది. ఇన్నవా?"

"ఇన్న."

మాత్రలు అమెరికాకు రావడం కష్టం కాలేదు. నోవైలో తెలుగువాళ్ళ ఇళ్ళలో సగం మందుల అలమర ఇండియా నుంచి వచ్చిందే. 'ఎవరైనా హైదరాబాద్ నుంచి వస్తున్నారా, ఒక కిలో చోటు ఉంటుందా' అని వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు సరేనంటారు. ఆవకాయతో పాటు థైరాయిడ్ మాత్రలు, కరివేపాకు పొడితో పాటు దగ్గు మందు. తెచ్చేవాళ్ళు పొట్లం విప్పి చూడరు. అది మర్యాద. ఎవరైనా అడిగితే జితేందర్ గ్యాస్ మాత్రలనేవాడు. అడిగినవాళ్ళు కూడా పొట్ట నిమురుకుని, "ఇక్కడివి మనకు పనిచెయ్యవండీ" అనేవాళ్ళు.

ఈసారి పొట్లం ఈశ్వరయ్య గారి దగ్గరుంది. ఆయన జితేందర్ ఆఫీసు స్నేహితుడొకరి మామగారు. ఆగస్టులో రావలసిన మనిషి మోకాలి నొప్పితో టికెట్ వాయిదా వేసుకున్నాడు. వచ్చే నెలన్నారు. తర్వాత దసరా వెళ్ళాక అన్నారు. జితేందర్ రెండు పూటల మాత్రను ఒక పూటకు, ఆ ఒక్కదాన్ని సగానికి తగ్గించుకుంటూ వచ్చాడు. ఆ మాట రవికుమార్‌కి చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. మార్చి తర్వాత మళ్ళీ రాలేదు. వేసవంతా కారు నడిపాడు. శనివారం బ్యాచ్‌తో సైకిల్ తొక్కాడు. ఒకసారి వచ్చి పోయిందేమో అనిపించసాగింది. సోమవారం నాడు మేనేజర్ డేల్, ఇంకో కుర్రాడు పక్కన కూర్చోగా కొత్త కారును హైవే మీద పెద్ద స్పీడులో తోలవలసిన టెస్ట్ ఉంది. దానికి ముందు శనివారం ఈ సైకిల్ రేస్. చిన్నది, అడవి దారిలో రెండు రౌండ్లు, అంతే. జితేందర్ తనలో తాను పందెం వేసుకున్నాడు. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. మాత్ర సగమే పడింది. ఒళ్ళు హూనం చేసే రేస్ ముందుంది. రవికుమార్ వద్దన్న మూడూ ఒకే రోజున కలిశాయి. ఇవాళ రాకపోతే ఇక రాదు. సోమవారం నిశ్చింతగా స్టీరింగ్ పట్టుకోవచ్చు.

ఇది తెలివైన ఇంజినీరు వేసుకున్న పందెం. రోజూ బ్రేకులను విరిగేదాకా పరీక్షించేవాడు తన తలను కూడా అలాగే పరీక్షించదలచుకున్నాడు.

సైకిల్‌ను కారు వెనక స్టాండుకు బిగిస్తుండగా శ్రీవిద్య కారొచ్చి ఆగింది. శ్రీవిద్య, ఆమె భర్త రాకేష్ ఇదే కాలనీలో ఉంటారు, బందరు వాళ్ళు. వాళ్ళమ్మాయి నైనిక హైస్కూలు సైకిల్ టీమ్‌లో ఉంది. ఇవాళ ఇదే రేస్‌లో ఆడవాళ్ళ విభాగంలో తొక్కుతోంది.

"అన్నయ్యా, రాకేష్ షికాగోలో ఉన్నాడు. నాకేమో ఆఫీసు ఆన్‌కాల్, ఇల్లు కదలకూడదు. పిల్లని మీరే తీసుకెళ్ళి తీసుకురావాలి" అంది శ్రీవిద్య, సైకిల్ దించుతూ.

"దానికేముందమ్మా. నేను పోతనే ఉన్న కదా."

"మీరున్నారనే పంపిస్తున్నా. వేరేవాళ్ళ కార్లో అయితే పంపను."

నైనిక చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీసి, "హాయ్ అంకుల్" అంది. పోయిన చలికాలం ఈ పిల్లకు డ్రైవింగ్ నేర్పింది జితేందరే; కొత్తగా లైసెన్స్ కూడా వచ్చింది. ఆ వీధిలో అందరి పిల్లలకూ అతనే గురువు. ఖాళీగా ఉన్న మాల్ పార్కింగ్‌లో, మంచు మీద, మిగతా తండ్రులు చూపించనివన్నీ చూపించేవాడు. జారుతున్న కారును ఎలా సర్దాలి, బ్రేక్ పెడల్ పనిచేయకపోతే ఏం చేయాలి. సీట్ల మధ్యనున్న చిన్న పార్కింగ్ బ్రేక్ స్విచ్ చూపించి, "ఎంత స్పీడ్‌లున్నా సరే, దీన్ని గుంజి అట్లనే పట్టుకో. విడువకు. కారు దానంతటదే ఆగుతది. పక్క సీట్ల కూసున్నా సరే, నువ్వు ఆపొచ్చు" అనేవాడు. ఆ స్విచ్ వెనక లెక్కలు తన కంపెనీవే. అందులో అతనికి కొంచెం గర్వం.

గంటసేపు పడమటికి తోలాడు. పార్కు ముందు కోసిన గడ్డి పొలంలో కార్లు ఆపించారు. అక్టోబరు చలి. ఓక్ ఆకులు సగం రాలి ఉన్నాయి. శనివారం బ్యాచ్‌లోంచి రాధాకృష్ణ ఒక్కడే వచ్చాడు, తొక్కడానికి కాదు, ఫొటోలు తీయడానికి.

"జితేందర్ భాయ్, ముఖమేంటి అలా పీక్కుపోయింది? రాత్రంతా రేస్ కలలోనే తొక్కేశావా?"

"నీ లెక్క బొజ్జ మీద కెమెరా పెట్టుకొని నిలబడితే నా ముఖం గూడ మెరుస్తుండె."

"పదో ప్లేస్ లోపల రా, పిజ్జా నాది. దాటితే నీది."

నలభై దాటిన మగవాళ్ళను ముందు వదిలారు. ఆడవాళ్ళను వాళ్ళ వెనక. ఈల వినగానే జితేందర్ ఎవరి గురించీ ఆలోచించడం మానేశాడు. సైకిల్ మీద ఉన్న సుఖం అదే. వెడల్పాటి గడ్డి దారి కాస్త దూరం పోయి, అడవిలో ఒక్క సైకిల్ పట్టే సందుగా మారుతుంది. దానిలోకి ముందు దూరినవాడిదే రేస్. ఏడో వాడుగా దూరాడు. వేర్లు, రాళ్ళు, పడిపోయిన చెట్టు మీంచి ఎగిరించవలసిన చోటు. మలుపులు. ఒక ఇసుక గుంట. చివర పెద్ద ఎత్తు. అక్కడ సగం మంది దిగి తోస్తారు. జితేందర్ దిగలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మొదటి రౌండు ముగిసేచోట రాధాకృష్ణ గొంతు చించుకున్నాడు. "ఆరో ప్లేస్! ఆరో ప్లేస్! పిజ్జా నాదే, పోనీ!"

ఆరోవాడు. తల తేటగా ఉంది. చూపు తేటగా ఉంది. రాలేదు, చూశావా, అనుకున్నాడు.

రెండో రౌండులో ఇసుక గుంట దాటాడు. పసుపు బాణం గుర్తు దాటాడు. ఎడమ పక్క తెల్లటి బర్చ్ చెట్టు కనిపించింది. గొంతులోకి ఏదో చేదు వాసన, కాలిన రబ్బరు లాంటిది, కిందినుంచి పొంగినట్టు వచ్చింది. బ్రేక్ ప్యాడ్ కాలుతోందనుకున్నాడు.

"అంకుల్. అంకుల్! అంకుల్, కెన్ యు హియర్ మీ?"

నైనిక ఎదురుగా నిలబడి ఉంది. ముఖం తెల్లబోయి ఉంది. ఆమె సైకిల్ దారి మీద పడి ఉంది. తన సైకిల్ తన తుంటికి ఆనుకుని ఉంది. తాను దారి మీద లేడు. ఫెర్న్ పొదల్లో, మోకాళ్ళదాకా, నిలబడి ఉన్నాడు. కుడి చేతి గ్లవ్ సగం ఊడి ఉంది. ఎడమ చెయ్యి ఆ గ్లవ్ అంచును పట్టుకుని లాగుతోంది. దాన్ని ఆపడానికి ఒక్క క్షణం పట్టింది.

"చైన్ పడ్డది" అన్నాడు. నాలుక మందంగా ఉంది.

నైనిక చైన్ వైపు చూసింది. అతనూ చూశాడు. చైన్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

"మీరు స్ట్రెయిట్ గా వెళ్ళారు అంకుల్. టర్న్ తీసుకోలేదు. నేను పిలిచాను, పిలిచాను, మీరు చూడలేదు నన్ను. చూస్తున్నారు కానీ చూడలేదు."

ఇద్దరు ఆడవాళ్ళు పక్కనుంచి పోతూ, ఆయన బాగానే ఉన్నాడా అని అరిచారు. జితేందర్ చెయ్యెత్తి ఊపాడు. "పో, నైనికా. నీ రేస్ ఖరాబైతది. నేను ఊపిరి కోసం ఆగిన. అంతే."

"కోచ్ ని పిలవనా?"

"పొమ్మన్న కదా!"

ఆ గొంతు విని ఆమె వెనక్కి తగ్గింది. అతను సైకిల్ ఎక్కాడు. రెండోసారికి పెడల్‌లో కాలు పడింది. పెద్ద ఎత్తు దగ్గర ఈసారి దిగి తోశాడు. తోస్తూ ఆ చెట్టుకూ ఆ పిల్ల ముఖానికీ మధ్య ఏముందో వెతికాడు. ఏమీ లేదు. రెండు కొసలు మాత్రం ఉన్నాయి. పందెం ఓడిపోయినట్టా? కింద పడలేదు. నాలుక కొరుక్కోలేదు. కాసేపు ఆగాడు, మళ్ళీ ఎక్కి తొక్కుతున్నాడు. అలిసిపోయినవాళ్ళు ఆగరా? గీత దాటేసరికి తన ప్రశ్నకు తానే జవాబు కుదుర్చుకున్నాడు.

చాలామంది దాటేశారు. పిజ్జా ఖర్చు ఇక జితేందర్‌దేనని రాధాకృష్ణ వీపు చరిచాడు. "ఏమైంది భాయ్, అడవిలో పడుకున్నావా?"

"చైన్" అన్నాడు జితేందర్. రెండోసారికి ఆ అబద్ధం నోటికి అలవాటైంది.

రాధాకృష్ణ వెళ్ళిపోయాక సైకిళ్ళు స్టాండుకు కట్టాడు. నీళ్ళు తాగి వెనక్కి తిరిగేసరికి నైనిక తన సైకిల్ మళ్ళీ దించుతోంది.

"ఎందుకు దించుతున్నవ్?"

"నేను మీతో రావట్లేదు అంకుల్." అతని ముఖం చూడకుండా బెల్టు విప్పుతోంది. "మీరు కూడా డ్రైవ్ చేయొద్దు. ప్లీజ్."

"ఓహో. ఎప్పుడైనవ్ డాక్టర్?"

"మా టీమ్ లో ఒక అబ్బాయి పడ్డాడు లాస్ట్ ఇయర్. ఓకే ఓకే అన్నాడు. తర్వాత పార్కింగ్ లో పడిపోయాడు. కోచ్ ఏం చెప్పారంటే, యు డోంట్ గెట్ టు డిసైడ్. చూసినవాళ్ళు చెప్పాలి. నేను చూశాను."

చూసినోళ్ళకే తెలుస్తది అని రవికుమార్ అన్న మాట జితేందర్‌కు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే కోపం వచ్చింది.

"నీకు డ్రైవింగ్ నేర్పినోణ్ణి నేను. నాకు చెప్తున్నవా? ఎక్కు."

ఆమె ఎక్కలేదు. సైకిల్ తోసుకుంటూ గేటు వైపు నడిచింది. జితేందర్ కారు స్టార్ట్ చేసి, కిటికీ దించి, కంకర దారి మీద ఆమె పక్కనే మెల్లగా పోనిచ్చాడు. వెనక ఒక పికప్ ట్రక్ హారన్ కొట్టింది. "తమాషా చెయ్యకు నైనికా. అందరు చూస్తున్నరు." ఆమె నడుస్తూనే ఉంది. ఇల్లు గంట ప్రయాణం. ఈ పిల్ల ఎక్కడికి నడుస్తుంది? ఇంకెవరి కారైనా ఎక్కితే దారిలో వాళ్ళకు ఏం చెబుతుంది? అతన్ని అసలు భయపెట్టింది ఆ రెండో ప్రశ్న.

కారాపి శ్రీవిద్యకు ఫోన్ చేశాడు. నైనిక తల్లికి చెప్పకముందే తాను చెప్పాలి.

"ఏం లేదమ్మా. రేస్ మంచిగ కాలేదని అలిగింది. కారెక్కనంటున్నది."

"అయ్యో, సారీ అన్నయ్యా. దీనికీ మధ్య మొండితనం ఎక్కువైపోయింది. స్పీకర్లో పెట్టండి."

పెట్టాడు.

"నైనికా! ఏవిటా వేషాలు? అంకుల్ నీకోసం ఎంతసేపు ఆగాలి? ఎక్కు కారు."

"అమ్మా, లిజన్. అంకుల్ ఈజ్ నాట్..."

"ఎదురు చెప్పకు. పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది? ఇంటికొచ్చాక మాట్లాడదాం. ఎక్కమన్నానా!"

ఫోన్ పెట్టేసిన చప్పుడు కారులో గట్టిగా వినిపించింది. నైనిక కాసేపు అక్కడే నిలబడింది. జితేందర్ దిగి, ఆమె చేతిలోంచి సైకిల్ తీసుకుని, వెనక బిగించాడు. ఆమె అడ్డు చెప్పలేదు. ముందు సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. ఎప్పుడూ పెట్టుకునే ఇయర్‌బడ్స్ పెట్టుకోలేదు.

పార్కు రోడ్డు దాటి, పెట్రోల్ బంకు దాటి, హైవే వైపు మళ్ళాడు. గెలిచినట్టే ఉంది. ఆదివారం రాకేష్ వస్తాడు, ఓసారి కలిసి నవ్వుతూ మాట్లాడితే సరిపోతుంది. సోమవారం ఎలాగూ వస్తుంది. డేల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తోలడం ఒక పనా.

"మ్యూజిక్ పెట్టుకో" అన్నాడు.

ఓరగా చూశాడు. నైనిక రోడ్డు చూడటం లేదు. అతని చేతులు చూస్తోంది. స్టీరింగ్ మీదున్న రెండు చేతులనూ, రెప్ప వేయకుండా. సిగ్నల్ దగ్గర అతను బొటనవేలితో స్టీరింగ్ తోలును గీరాడు, ఊరికే, అలవాటుగా. ఆమె ఎడమ భుజం ఒక్కసారిగా కదిలింది.

అప్పుడు కిందికి చూశాడు. ఆమె ఎడమ చెయ్యి సీట్ల మధ్యకు వచ్చి ఉంది. రెండు వేళ్ళు పార్కింగ్ బ్రేక్ స్విచ్ కిందికి దూరి, దాన్ని లాగడానికి సిద్ధంగా ఉన్నాయి. నొక్కడం లేదు, ఆడుకోవడం లేదు. అతను నేర్పినట్టే పట్టుకుంది. గుంజి అట్లనే పట్టుకో. విడువకు.

సిగ్నల్ ఆకుపచ్చగా మారింది. హైవే ఎక్కే వంపు ఎదురుగా ఉంది. జితేందర్ కారు కదిలించాడు. అక్కడ అందరూ గంటకు డెబ్భై ఎనభై మైళ్ళ మీద పోతారు. ఆ స్పీడులో పక్క సీటు నుంచి స్విచ్ లాగితే ఏమవుతుందో ఈ దేశంలో అతనికంటే బాగా తెలిసినవాళ్ళు కొద్దిమంది. కారు ఆగుతుంది. నిటారుగానే ఆగుతుంది. కానీ ఆగే కారు వెనక ఏముందో ఆ స్విచ్‌కు తెలియదు. సరుకు లారీ ఉండొచ్చు. ఇంకో కుటుంబం ఉండొచ్చు. ఈ పిల్ల ఆ లెక్కంతా వేసుకుందా? వేసుకుని ఉంటుంది. తల్లి ఎక్కమంటే ఎక్కింది. ఎక్కాక తన ప్రాణం తన చేతిలో పెట్టుకుని కూర్చుంది. గంటసేపు అలా కూర్చోవడానికి సిద్ధపడింది.

అతను ఆ స్విచ్‌ను కొన్ని వేలసార్లు పరీక్షించాడు. డ్రైవర్ మీద నమ్మకం పోయి ఎవరైనా దాని మీద చెయ్యి వేయడం ఎప్పుడూ చూడలేదు.

వంపు మొదట్లోనే కుడి పక్క అంచుకు తీసి ఆపాడు. హజార్డ్ లైట్లు వేశాడు. వెనకనుంచి వచ్చేవాళ్ళు హారన్ కొట్టి దాటిపోయారు.

"చెయ్యి తియ్యి" అన్నాడు. "ఆగింది."

ఆమె తీయలేదు.

ఇంజన్ ఆపి, తాళం ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పుడు తీసింది. వేళ్ళ మీద స్విచ్ అంచు ముద్ర ఎర్రగా పడి ఉంది.

"ఇది మొదటిసారేనా అంకుల్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "కాదు" అన్నాడు.

ఇద్దరూ దిగి కారు ముందునుంచి సీట్లు మారారు. నైనిక అద్దాలు సర్దుకుంది, ఆ పార్కింగ్‌లో నేర్చుకున్న వరసలోనే. కారును మెల్లగా హైవే మీదికి ఎక్కించింది. జితేందర్ పక్క సీట్లో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తన చేతులను తానే చూసుకుంటూ. సగం దూరం వచ్చాక డేల్‌కు ఫోన్ చేశాడు. సోమవారం తోలలేనన్నాడు. డేల్ మంచివాడు. ఫరవాలేదు, మంగళవారమా, బుధవారమా అని అడిగాడు.

"ఆ రెండ్రోజులూ కుదరదు" అన్నాడు ఇంగ్లిష్‌లో. తర్వాత మిగతాది కూడా చెప్పాడు.  అంతా విన్నాక డేల్, "ఇది నేను పైవాళ్ళకు చెప్పాలి, నీకు తెలుసు కదా" అన్నాడు. తెలుసన్నాడు.

శ్రీవిద్య ఇంటి ముందు నిలబడి ఉంది, కోపంగానే. డ్రైవర్ సీట్లోంచి కూతురు దిగడం చూసి ఆమెకు ఏమీ అర్థం కాలేదు. జితేందర్ డ్రైవ్‌వేలో నిలబడే మొత్తం చెప్పాడు. మార్చి సంగతి, మాత్రలు, అడవిలో మలుపు. ఫోన్‌లో తాను చెప్పింది అబద్ధమని కూడా చెప్పాడు. శ్రీవిద్య వింటూ వింటూ నైనికను దగ్గరికి లాక్కుంది. చివరికి ఒక్కటే అడిగింది.

"నాచేత ఎక్కించారా?"

 ఆమె కూతుర్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. కారు అక్కడే వదిలి, అతను సైకిల్ తోసుకుంటూ ఇంటికి నడిచాడు. రష్మికి చెప్పడం ఇంకా మిగిలే ఉంది.

కంపెనీ మర్యాదగానే ప్రవర్తించింది. నడపని పని ఏదైనా ఉందేమోనని రెండు వారాలు వెతికింది. లేదంది. ఉద్యోగంతో పాటు వీసా కూడా పోనుంది. స్కాన్‌లో కణత పక్కన, మెదడులో పాత మచ్చ ఒకటి కనిపించింది. ఎప్పటిదో తెలియదు, మందులతో అదుపులో ఉంటుందన్నారు. ఇక్కడి ఫార్మసీ ఇచ్చిన మాత్ర సీసాలోని మాత్రే, పేరు మాత్రం వేరు. ఇన్సూరెన్స్ కంపెనీ అతని ఆఫీసుకు ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పి ఉండేది కాదట.

నవంబరు చివర, థ్యాంక్స్‌గివింగ్ దాటాక, ఇండియాకు వెళ్ళిపోయే ముందు సామాను అమ్మేయడానికి నోవై గ్రూపులో రష్మి మూవింగ్ సేల్ పెట్టింది. సోఫా, టీవీ, డైనింగ్ టేబుల్, మంచు తోసే మెషీన్. సైకిల్ ఫొటోకు రాధాకృష్ణ వెంటనే, నాకు కావాలని రాశాడు. ఎందుకు అమ్ముతున్నారని ఎవరూ అడగలేదు. ఈలోగా అందరికీ తెలిసిపోయింది. తెలిసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమ అలమరల్లోని సీసాలు తీసి చూసుకున్నారని, చూసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశారని తర్వాత విన్నాడు.

ఈశ్వరయ్య గారు డిసెంబరులో దిగారు. మోకాలు ఇంకా నొప్పిగానే ఉన్నా, పొట్లం ఇవ్వడానికి అల్లుడిని వెంటబెట్టుకుని తానే వచ్చారు. హాల్లో అట్టపెట్టెల మధ్య కూర్చుని కాఫీ తాగారు. "మీ గ్యాస్ మాత్రలు బాబూ, ఆలస్యమైంది, ఏమనుకోకండి" అన్నారు.

జితేందర్ పొట్లం తీసుకుని ఆయనకు దండం పెట్టాడు. గుమ్మం దాకా సాగనంపాడు. ఎదురు వీధిలో నైనిక కారు వెనక్కి తీస్తోంది; అద్దాలు సరిచూసి, తల తిప్పి, నెమ్మదిగా. అతన్ని చూసి చెయ్యి సగం ఎత్తింది. పక్క సీట్లో ఉన్న శ్రీవిద్య తల తిప్పలేదు. కారు మలుపు తిరిగిపోయింది.